మా బావ మిర్చి పిచ్చి, నా హ్యూయన్ త్సాంగ్ పిచ్చి - చైనా వెళ్ళొచ్చిన కబుర్లు

చైనా వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. అసలు మనకి వీసా ఇస్తున్నారా, పాములూ తేళ్ళూ తింటారంటగా, వాట్సాప్ పనిచెయ్యదంటగా, మరి శాకాహారి మీ బావ బతికే వచ్చాడా... ఒక్కొక్కళ్ళకీ చెప్పేసరికి నోరు నొప్పెడుతోంది, అందుకే ఒకేసారి రాసి పడేస్తున్నా, పొడుగైతే ఏమీ అనుకోకండి.

వెళ్ళింది నేనూ మా బావా, అంటే మా అక్క మొగుడు. బావకి గుంటూరు యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం. మన తేజ రకం మిరపకాయలు చైనాకి కంటైనర్లకి కంటైనర్లు పోతాయి కదా, ఇన్నేళ్ళుగా ఆ కారమంతా తినేది ఎవరో ఒక్కసారి కళ్ళతో చూడాలని ఆయన కోరిక. నాది ఇంకో పిచ్చి. మాది అమరావతి పక్కన ధరణికోట, ఒకప్పటి ధాన్యకటకం. ఏడో శతాబ్దంలో చైనా నుంచి నడుచుకుంటూ వచ్చిన బౌద్ధ సన్యాసి హ్యూయన్ త్సాంగ్ మా ఊరు కూడా చూసి వెళ్ళాడని బళ్ళో మాస్టారు చెప్పినప్పట్నుంచి ఆయన మీద నాకు ఏదో సొంతమనిషి అన్న ఫీలింగ్. ఆయన ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన పుస్తకాలు దాచడానికి కట్టించిన గోపురం ఇంకా నిలబడే ఉంది, షీఆన్ అనే ఊళ్ళో. మిర్చి తెగ తినే ఊళ్ళల్లో అదీ ఒకటని బావకి ఎవరో ఎక్స్‌పోర్టర్ చెప్పాడు. ఇంకేం, ఇద్దరం ఒక మాట మీదకి వచ్చాం. పోతూ పోతూ బీజింగ్ కూడా చూసేద్దాం అనుకున్నాం. ఎండాకాలం యార్డుకి సెలవులిస్తారు కాబట్టి 2025 మే నెల చివర్లో బయల్దేరాం.

ముందు వీసా సంగతి. ఇస్తున్నారు, శుభ్రంగా ఇస్తున్నారు. మన రెండు రాష్ట్రాల వాళ్ళకీ ఢిల్లీ సెంటర్, మేం వెళ్ళలేదు, ఏజెంట్ చేత ఇప్పించాం, తక్కువ రోజుల టూరిస్ట్ వీసాకి అప్పట్లో వేలిముద్రలు కూడా అడగలేదు. కాకపోతే ఆన్‌లైన్ ఫారం మాత్రం చాంతాడంత ఉంటుంది, చదువు, ఉద్యోగం, అమ్మానాన్నల వివరాలు, ఇంతకుముందు ఏ దేశాలు తిరిగావు, అక్కడ రోజూ ఎక్కడ పడుకుంటావు అన్నీ కావాలి. ఉద్యోగం దగ్గర బావ "కమిషన్ ఏజెంట్" అని రాయమంటే ఆ ఏజెంట్ కుర్రాడు భయపడిపోయి "సార్, ఏజెంట్ అన్న మాట వద్దు, సుగంధ ద్రవ్యాల వ్యాపారి అని పెడదాం" అన్నాడు. ఫోటో కూడా వాళ్ళ కొలతలు వాళ్ళవి, 33 బై 48 మిల్లీమీటర్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, చెవులు కనపడాలి.

అప్పటికి మనకీ చైనాకీ డైరెక్ట్ ఫ్లైట్లు లేవు. 2020లో ఆగిపోయినవి మళ్ళీ 2025 అక్టోబర్ 26న కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి మొదలయ్యాయి, మేం వెళ్ళొచ్చాక. కాబట్టి హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడ్నుంచి బీజింగ్. కౌలాలంపూర్‌లో దొరికిన గ్యాప్‌లో చేసిన పనే ఈ ట్రిప్ మొత్తానికీ ప్రాణం, అది చెప్తా వినండి.

చైనాలో జేబులో డబ్బులుండటం కాదు, ఫోన్లో అలీపే అనే పేమెంట్ యాప్ ఉండాలి. ఎయిర్‌పోర్టులో కూర్చుని అది దించుకుని, పాస్‌పోర్ట్ ఫోటో కొట్టి, మన వీసా కార్డో మాస్టర్ కార్డో కలిపేసుకోవాలి, రూపే కార్డు అక్కడ అక్కరకి రాదు. కార్డులు రెండు మూడు పెట్టుకోండి, నాది ఒకటి అసలు తీసుకోలేదు, బావది మొదటి దెబ్బకే ఎక్కింది, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చెయ్యమని బ్యాంకు యాప్‌లో ముందే నొక్కి ఉంచాలి. 200 యువాన్లు దాటిన ప్రతి పేమెంట్‌కీ 3 శాతం అదనంగా లాగుతాడు, లోపు అయితే ఏమీ లేదు, అందుకని బావ హోటల్ బిల్లు కూడా ముక్కలు చేసి కడదాం అన్నాడు, రిసెప్షన్ అమ్మాయి నవ్వేసి ఒప్పుకుంది. అప్పట్లో యువాన్ అంటే మన పన్నెండు రూపాయలకి కాస్త లోపు. ఆ ఒక్క యాప్‌లోనే మెట్రో టికెట్, అందులోనే ట్యాక్సీ పిలవడం, అందులోనే అనువాదం. చిలగడదుంపలు కాల్చి అమ్మే ముసలమ్మ కూడా బండికి క్యూఆర్ బొమ్మ వేలాడదీసింది. ఇది మనకి కొత్తేమీ కాదు కదా, మన కూరగాయల బండి మీదా ఉంటుంది. అందుకే అమెరికా వాళ్ళు ఆశ్చర్యపోతారేమో గానీ గుంటూరోళ్ళం మనకి ఏమీ అనిపించదు.

ఇక వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ అక్కడ బంద్ అన్నది నిజమే, కానీ మన సిమ్‌కే రోమింగ్ వేయించుకుంటే అన్నీ మామూలుగా నడుస్తాయి, ఎందుకంటే ఆ డేటా మన కంపెనీ నెట్‌వర్క్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. హోటల్ వైఫై ఎక్కారా, ఇక అంతే, వాట్సాప్ తిరుగుతూనే ఉంటుంది. మా అక్కకి రోజూ రాత్రి వీడియో కాల్ చెయ్యకపోతే ఊరుకోదు, కాబట్టి బావ వైఫై జోలికే పోలేదు.

బీజింగ్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. ఫర్బిడెన్ సిటీకి టికెట్ అక్కడికెళ్ళి కొందాం అంటే కుదరదు, ఏడు రోజుల ముందు వాళ్ళ రాత్రి 8 గంటలకి, అంటే మన సాయంత్రం ఐదున్నరకి, ఆన్‌లైన్‌లో వదుల్తారు, పాస్‌పోర్ట్ నంబర్ మీద తీసుకోవాలి. మేం ఇంటి దగ్గర ఉండగానే తీసేశాం. సోమవారం సెలవు, అదొకటి గుర్తు పెట్టుకోండి. లోపల 24 మంది చక్రవర్తులు కాపురమున్న కోట అది, 1420లో కట్టడం పూర్తయింది. అంత పెద్ద కోటలో నీడకి ఒక చెట్టు కూడా లేని రాతి వాకిళ్ళు, ఒకటి దాటితే ఇంకోటి, మే ఎండ, మనుషుల సముద్రం. నాకు అక్కడికంటే ఉత్తరం గేటు దాటి ఎదురుగా ఉన్న జింగ్‌షాన్ గుట్ట ఎక్కి చూసినప్పుడు బాగా నచ్చింది, టికెట్ 2 యువాన్లే, పైనుంచి పసుప్పచ్చ పెంకుల కప్పులన్నీ వరసగా కనిపిస్తాయి. మింగ్ వంశం చివరి చక్రవర్తి 1644లో ఉరేసుకున్నది ఆ గుట్ట మీదే. ఉరేసుకున్న చోట ఇప్పుడున్న చెట్టు చూపిస్తే బావ "అప్పులోళ్ళా?" అన్నాడు, వ్యాపారస్తుడి బుర్ర!

చైనా మహా గోడ చూడ్డానికి మూతియాన్‌యూ అనే చోటికి వెళ్ళాం, అందరూ వెళ్ళే బాదాలింగ్ కంటే జనం తక్కువని. కేబుల్ కారులో పైకి, కిందికి మాత్రం జారుడు బండి. ఇనప కాలవలో చిన్న బండి మీద కూర్చుని బ్రేకు కర్ర ముందుకి తోస్తే పరుగు, వెనక్కి లాగితే ఆగడం. యాభై దాటిన మా బావ బ్రేకు ముట్టుకోకుండా దిగాడు, మలుపు మలుపుకీ కాపలా వాళ్ళు చైనీస్‌లో అరుస్తానే ఉన్నారు. గోడ గురించి అడిగితే ఇప్పటికీ ఆయన ఆ జారుడు గురించే చెప్తాడు.

తిండి. బావ గుడ్డు కూడా ముట్టడు. నేను ఫోన్లో చైనీస్‌లో రాయించి పెట్టుకున్నా, మాంసం వద్దు, చేపలు వద్దు, గుడ్డు వద్దు, పంది కొవ్వు వద్దు అని. ఆ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే ఉత్త ఆకుకూర కూడా కొందరు కొవ్వుతోనే వేయిస్తారు, టోఫూ అని పేరు చూసి సంబరపడితే అందులో ఖీమా చల్లి ఉండొచ్చు. దొరికేవి దొరుకుతాయి: సన్నగా తరిగి వెనిగర్, ఎండుమిర్చి వేసి వేయించిన బంగాళాదుంప, వంకాయ-బంగాళాదుంప-క్యాప్సికం కలిపిన కూర, వెల్లుల్లి వేసిన ఆకుకూరలు. అన్నం ఉంది. మన పెరుగు లేదు. బీజింగ్‌లో తెల్ల పింగాణీ కుండల్లో పెరుగు పోసి కాగితం మూత, స్ట్రా పెట్టి అమ్ముతుంటే బావ కళ్ళు మెరిశాయి, రెండు కొన్నాడు, అన్నంలో కలుపుకుందామని హోటల్‌కి తెచ్చి నాలిక మీద పెట్టుకుంటే తియ్యగా! ఆ రాత్రి అక్క కట్టిచ్చిన కందిపొడే కాపాడింది. నీళ్ళు అడిగితే వేడినీళ్ళే ఇస్తారు, ఎండాకాలమైనా సరే.

బీజింగ్ నుంచి షీఆన్‌కి రైల్లో. దాదాపు 1200 కిలోమీటర్లు, నాలుగున్నర గంటల్లో దింపేశాడు. టికెట్ కాగితం ఏదీ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. స్టేషన్ అంటే మన ఎయిర్‌పోర్ట్ కంటే పెద్ద హాలు, బండి బయల్దేరడానికి పావుగంట ముందు గేటు తెరుస్తారు, ఇంకో ఐదారు నిమిషాలుందనగా మూసేస్తారు, పరిగెత్తి ఎక్కుదాం అనే మన లెక్క అక్కడ పనికిరాదు. వాళ్ళ ఐడీ కార్డులు మిషన్ మీద టక్కున పెట్టి వెళ్ళిపోతారు, మన పాస్‌పోర్ట్‌కి చివర మనిషి ఉన్న దారి వేరేగా ఉంటుంది, అటే పోవాలి. పెట్టె చివర స్క్రీన్ మీద స్పీడు చూపిస్తుంటే బావ మూడొందలు దాటిన ప్రతిసారీ ఫోటో తీశాడు. బయట గోధుమ చేలు, పాలిథిన్ కప్పిన కూరగాయల తోటలు, మధ్యలో ఎక్కడ్నుంచో మొలిచినట్టు ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు గుంపులు గుంపులుగా. పక్క సీటు పెద్దాయన మమ్మల్ని చూసి "యిందూ?" (వాళ్ళ భాషలో ఇండియా) అని, బొటనవేలు ఎత్తి "ఆమిర్ ఖాన్" అన్నాడు. మాకు తెలిసిన చైనా వాళ్ళల్లో జాకీ చాన్ పేరు చెప్పి బాకీ తీర్చుకున్నాం.

షీఆన్ దిగాక మా ట్రిప్పు అసలు మొదలైంది అనుకోవచ్చు. మొదటి రాత్రే ఊరి చుట్టూ ఉన్న కోటగోడ దగ్గర చిన్న నూడుల్స్ కొట్టుకి వెళ్ళాం. ఆ కొట్టతను పిండి ముద్దని రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద ఫట్ ఫట్ మని కొడుతూ సాగదీస్తాడు, బెల్టంత వెడల్పు వస్తుంది ఒక్కో పోగు. ఉడికించి గిన్నెలో వేసి, మీద కాస్త ఆకుకూర, ఉప్పు, తరిగిన వెల్లుల్లి, ఒక గుంట గరిటెడు కారప్పొడి కుప్పగా పోసి, పొగలొచ్చే నూనె ఆ కుప్ప మీద సరిగ్గా పోశాడు. సుయ్ మంటూ లేచింది వాసన! బావ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, తాలింపు పైనుంచి పెడుతున్నాడ్రా!" అంతా కలిపి, మీద నల్ల వెనిగర్ పోసుకుని తినాలి. పక్క బల్ల మీదోళ్ళు పచ్చి వెల్లుల్లి రేకలు ఒలుచుకుని ఒక ముద్ద నూడుల్స్‌కి ఒక కొరుకు చొప్పున తింటున్నారు, బావ కూడా మొదలుపెట్టాడు. మాంసం లేదు, గుడ్డు లేదు, కడుపు నిండింది. ఆ ఊళ్ళో ఉన్నన్ని రోజులూ ఆయన ఆ కొట్టు వదల్లేదు. కాకపోతే తీర్పు ఇచ్చేశాడు: "రంగు ఉంది, వాసన ఉంది, ఘాటు లేదు." షీఆన్ ఉన్న షాన్షీ రాష్ట్రం వాళ్ళ సొంత రకం కాయ అలాగే ఉంటుందట, ఎర్రగా, పొడుగ్గా, కారం కంటే వాసన ఎక్కువ.

మట్టి సైనికుల గురించి చెప్పాలి కదా, చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పాతిపెట్టిన బొమ్మల సైన్యం. ఊరికి నలభై కిలోమీటర్లు తూర్పుగా లింతోంగ్ దగ్గర. 1974లో రైతులు నీళ్ళ కోసం బావి తవ్వుతుంటే బయటపడ్డాయి. మొదటి గుంట 230 మీటర్ల పొడవు, మీద విమానాల షెడ్డంత కప్పు. ఫోటోల్లో చూసేది ముందు వరసలే, అవి అతికించి నిలబెట్టినవి. వెనక్కి నడిస్తే ఇంకా మట్టిలోంచి సగం చెయ్యి, సగం తల, ముక్కలు ముక్కలుగా పడున్నవే ఎక్కువ. ఒక చివర అతికించే పని నడుస్తుంటుంది, ఒక్కో బొమ్మ ఒంటికి నంబర్ చీటీలు, నడుముకి ప్లాస్టిక్ చుట్టి ఉంచారు, నాకు నిలబడ్డ సైన్యం కంటే ఆ వార్డులో ఉన్నవాళ్ళే నచ్చారు. రెండువేల రెండొందల ఏళ్ళ నాటి ఆ చక్రవర్తి అసలు సమాధి మాత్రం ఇంకా తవ్వలేదు, గుట్టలాగే ఉంది.

మర్నాడు నా వంతు. హ్యూయన్ త్సాంగ్ 645లో తిరిగొచ్చేటప్పుడు 657 గ్రంథాలు మోసుకొచ్చాడు, 664లో పోయేదాకా వాటిని చైనీస్‌లోకి మారుస్తూనే ఉన్నాడు. ఆ పుస్తకాల కోసమే 652లో ఈ గోపురం మొదలుపెట్టించాడు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్ల పైన, నున్నటి అలంకారాలేమీ లేకుండా బూడిదరంగు ఇటుకతో మొద్దుగా నిలబడుంటుంది. ముందు చౌక్‌లో ఆయన నిలువెత్తు విగ్రహం, చేతికర్రతో. ఆవరణ నిండా పాతకాలం పట్టు బట్టలు అద్దెకి కట్టుకున్న ఆడపిల్లలు, నెత్తిన పూలు, వెనక ఫోటోగ్రాఫర్లు లైట్లతో, అంతా పెళ్ళివారి సందడి.

గోపురం ఎక్కడానికి వేరే టికెట్. చెక్కమెట్లు ఇరుకు. ఒక అంతస్తులో అద్దం వెనక తాళపత్రం ముక్కలు రెండు పెట్టారు, ఇంచుమించు మూరెడు పొడవు, సన్న అక్షరాలు. జనం ఒక ఫోటో తీసి పైకి పోతున్నారు. నేను మాత్రం అక్కడే ఉండిపోయా, తాటాకు చూసి ఇంతసేపు నిలబడేవాడు మనదేశం వాడే అయ్యుంటాడని కాబోలు కాపలా అమ్మ కుర్చీ జరిపి దారిచ్చింది. బావకి అప్పుడు చెప్పా, ఈయన మన ఊరి గురించి ఏం రాశాడో తెలుసా అని: వేడి దేశం, జనం కోపిష్టి రకం, కానీ చదువంటే మహా ఇష్టం, బౌద్ధ ఆరామాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడిపోయాయి, ఇరవై దాకా మిగిలున్నాయి అని. బావ కాసేపు ఆలోచించి "గుంటూరోళ్ళ గురించి తప్పేం రాయలేదే" అన్నాడు. చివరి అంతస్తు కిటికీలోంచి చూస్తే తిన్నగా దక్షిణానికి రోడ్డు, ట్రాఫిక్, మాల్స్. ఆయన అమరావతిలో ఆగి అభిధర్మం అనే బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడని అంటారు, అప్పటికి స్తూపం శిల్పాలు ఇంకా స్తూపం మీదే ఉన్నాయి. ఇప్పుడు అవి లండన్‌లో కొన్ని, చెన్నైలో కొన్ని. ఆయన పుస్తకాలకి కట్టిన ఇల్లు మాత్రం వీళ్ళు భూకంపాలకి దెబ్బతిన్నా నిలబెట్టుకున్నారు. నాకు కాస్త కడుపు మండిన మాట నిజం.

సాయంత్రం ముస్లిం వీధికి. అక్కడ తోపుడు బండి మీద ఒకావిడ పాలరాయిలా తెల్లగా మెరిసే జిగురన్నం ముద్దని కత్తితో కాకుండా దారంతో కోసి, పళ్ళెంలో పరిచి తేనె పోసి ఇచ్చింది, చల్లగా ఉంది, లోపల ఏమీ లేదు, బావకి పండగ. అప్పుడు వాళ్ళ డ్రాగన్ పడవల పండగ రోజులు, ఎక్కడ చూసినా ఆకుల్లో చుట్టిన జిగురన్నమే.

ఆ వీధిలోంచి ఒక సందులోకి తిరిగితే మసాలా దినుసుల కొట్లు. మిరపకాయల గోతాలు వరసగా మూతులు మడిచి పెట్టారు. బావ ఒక గోతం దగ్గర ఆగి కాయ తీసి తొడిమ విరిచాడు, గింజలు అరచేతిలో పోసుకున్నాడు, వాసన చూశాడు, పక్కది, ఆ పక్కది. కొట్టాయన ముందు చిరాగ్గా చూసి, రెండో గోతం దగ్గరికొచ్చేసరికి ఈయనెవడో వ్యాపారస్తుడని కనిపెట్టేసి స్టూలు వేశాడు. నాలుగో గోతం దగ్గర బావ కాయ నోట్లో పెట్టుకుని కొరికి, "ఇది మనదే. తేజ" అన్నాడు. కొట్టాయన కూడా అదే గోతం చూపించి "యిందూ, యిందూ" అంటున్నాడు! బావ ఫోన్ తీసి యార్డులో ఎర్ర బస్తాల ఫోటోలు చూపిస్తే ఆయన భార్యని పిలిచాడు, ఆవిడ కొడుకుని పిలిచింది, టీ వచ్చింది. అనువాదం యాప్ మొదటి రెండు మాటలకే గందరగోళం చేస్తే ఇద్దరూ దాన్ని పక్కన పడేసి కాలిక్యులేటర్ మీద పడ్డారు. ఆయన కిలో ధర కొట్టాడు, బావ దాన్ని రూపాయల్లోకి మార్చి, క్వింటాల్ చేసి, మన యార్డు ధర పక్కన పెట్టి, మధ్యలో ఎవరెవరు ఎంత తింటున్నారో లెక్కేసి నోరెళ్ళబెట్టాడు. కొట్టాయన వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) ఐడీ అడిగాడు, మా దగ్గర అది 2020 నుంచి నిషేధం అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది, చివరికి విజిటింగ్ కార్డులు మార్చుకున్నారు. అక్కడి కాయ అరకిలో కొనబోతే డబ్బులు తీసుకోలేదు.

తిరుగు ప్రయాణం షీఆన్ నుంచే కౌలాలంపూర్ మీదుగా. వెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు ముక్కలు: టిష్యూ పేపర్ ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, బయటి టాయిలెట్లలో ఉండదు, నీళ్ళ పైపు అసలే ఉండదు. అక్కడ లోపలి ఫ్లైట్లు ఎక్కేవాళ్ళు పవర్ బ్యాంకు మీద వాళ్ళ 3సీ అనే భద్రతా గుర్తు ఉందో లేదో చూసుకోండి, 2025 జూన్ 28 నుంచి అది లేకపోతే ఎక్కనివ్వట్లేదు. మాకు విమానాలతో సహా తలకి లక్షా ముప్పై దాకా అయింది, ఖరీదైన హోటళ్ళు కాదు.

బావ ఆ అరకిలో కాయ యార్డుకి పట్టుకెళ్తే చూసినవాళ్ళందరూ "దీన్నెవడు కొంటాడు, కారమే లేదు" అన్నారంట. ఆయన మాత్రం ఇప్పుడు గ్వాంగ్‌జౌలో క్యాంటన్ ఫెయిర్ అనే పెద్ద వ్యాపార మేళాకి పోదాం అంటున్నాడు, డైరెక్ట్ ఫ్లైట్ వచ్చేసింది కదా అని. నాకు అక్కడ పనేమీ లేదు, ఈసారి అక్కని తీసుకెళ్ళు బావా అన్నా. అక్క మాత్రం పెరుగు తియ్యగా ఉండే ఊరికి నేను రానంటోంది.